ఒకే డ్రైవర్ స్పీకర్లు కట్టాను, గొంతు బాగుంది గానీ చెవిలో గుచ్చుతోంది

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ):
నాలుగంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్లు (కింది నుంచి పైదాకా అన్ని స్వరాలూ ఒక్కటే మోగించే స్పీకర్లు) ఒక జత తెప్పించి, 18 మి.మీ. ప్లైతో పెట్టెలు చేయించాను. పైస్వరాలకి వేరే ట్వీటర్ లేదు, స్వరాల్ని విడదీసి పంచే క్రాసోవర్ లేదు. ఘంటసాల గొంతు రెండు పెట్టెల నడిమధ్య, మనిషి నిలబడి పాడినట్టే ఉంది. కానీ గంట దాటితే తలనొప్పి. వయొలిన్ పైస్థాయికి వెళ్తే గుచ్చుతోంది, మృదంగం తొప్పి (అడుగు నాదం పలికే ఎడమవైపు) ఉందో లేదో తెలీదు. డ్రైవర్లే మంచివి కావా?

గాజువాక గురుడు:
డ్రైవర్ని తిట్టకు గురూ. పెట్టె ముందుపలక వెడల్పెంత? గోడకి ఎంత దూరంలో పెట్టావేటి?

ఉప్పుగాలి:
20 సెం.మీ. గోడకి నాలుగడుగులు. దూరంగా పెట్టమనే అందరూ చెప్పారండీ.

గాజువాక గురుడు:
అదీ సంగతి. పైస్వరాలు పలకకి తగిలి ముందుకే వస్తాయి. కిందివి పలకని చుట్టేసి వెనక్కీ పోతాయి. నీ పలకకి ఈ మార్పు 575 హెర్ట్జ్ దగ్గర్లో ఉంటాది, కిందికెళ్లేకొద్దీ 6 డెసిబెళ్ల దాకా పడిపోతాది. పైన ఎక్కువై కాదు, కింద తక్కువై గుచ్చుతున్నాది. ముందు పైసా ఖర్చులేని పని చెయ్యి, పెట్టెల్ని గోడకి జానెడు దూరానికి జరుపు. చాలకపోతే 1.3 మిల్లీహెన్రీల కాయిల్, దానికి సమాంతరంగా 4 ఓమ్‌ల రెసిస్టర్ కట్టి ప్లస్ వైరు మధ్యలో పెట్టీ. 8 ఓమ్‌ల డ్రైవరైతే పైన మూడున్నర డెసిబెళ్లు దిగుతాది. నీది చిన్న వాల్వు ఆంప్ అయితే మాత్రం ఆ నష్టం తెలుస్తాది.

తీగలేనివాడు:
క్రాసోవర్ వద్దనే కదండీ ఈ పెట్టె కట్టేది, మళ్లీ కాయిలా? 100 గంటలు వాయించండి, సర్దుకుంటుంది.

గాజువాక గురుడు:
సర్దుకున్నాది డ్రైవరా, నీ చెవా? కోన్‌ని (ముందుకీ వెనక్కీ కదిలే గరాటుని) పట్టుకునుండే సస్పెన్షన్ కాస్త వదులవుతాది, నిజమే. పలక వెడల్పు మారదు కదా బాబూ.

సీతమ్మధార శ్రోత:
మా నాన్నగారి వాల్వు రేడియోలో ఉన్నదీ ఒక్క స్పీకరే. అందులో వార్తలు విన్న చెవులివి, అందుకే ఈ పెట్టెలంటే నాకు పక్షపాతం. అయినా ఒక మాట. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డులు వేసి మురిసిపోకండి. వాటిలో అడుగు స్వరాలూ, మరీ పైస్వరాలూ ఎలాగూ తక్కువ. ఏ ఫుల్‌రేంజ్‌లోనైనా బాగుంటాయి, అందుకే పరీక్షకి పనికిరావు. ఇంట్లోవాళ్ల గొంతు ఫోన్లో రికార్డు చేసి వాయించండి, అసలు మనిషి పక్కనే ఉంటాడు. తర్వాత నాదస్వరం, డోలు కలిసి మోగేది ఒకటి వెయ్యండి. గొంతు మీద దరువు పడే సినిమా పాట కూడా. అంతే గట్టిగా ఒక ఆక్టేవ్ (ఒక ‘స’ నుంచి కింది ‘స’ దాకా) కిందికి మోగాలంటే కోన్ నాలుగింతలు కదలాలి, గొంతూ ఆ కోన్ మీదే కూర్చుంది, వణకదా మరి? రెండు పెట్టెల్ని పోల్చేటప్పుడు సౌండు సమానం చేసుకోండి. కొంచెం గట్టిగా మోగినదే మంచిదనిపిస్తుంది, నేనూ మోసపోయాను. ఇంకోటి, నాలుగంగుళాల కోన్ 4,000 హెర్ట్జ్ దాటితే టార్చిలైటులా సూటిగా కొడుతుంది, ఎనిమిదంగుళాలదైతే 2,000 నుంచే. పెట్టెల్ని లోపలికి తిప్పి, వాటినుంచి సూటిగా వచ్చే ఆ రెండు గీతలూ మీ ముఖానికి ముందే కలిసేలా చూడండి.

లాసన్స్‌బే:
సముద్రానికి దగ్గరున్నవాళ్లు ఎండీఎఫ్ (చెక్కపీచు అతికించి చేసిన పలక) జోలికి పోవద్దు. 2014లో హుద్‌హుద్ తుఫాను నాడు కిటికీ అద్దాలు పోయి, నా పెట్టెలు టీలో ముంచిన బిస్కెట్లలా ఉబ్బిపోయాయి. ఇప్పుడు మెరైన్ ప్లై, లోపల కూడా వార్నిష్. టెర్మినళ్లు పచ్చబడుతుంటాయి, ఏడాదికోసారి విప్పి తుడుస్తాను.

ఉప్పుగాలి:
జానెడు దూరానికి జరిపాను, లోపలికి తిప్పాను. తొప్పి వచ్చింది! వయొలిన్ సగం శాంతించింది, నాదస్వరం మాత్రం ఇంకా అరుస్తూనే ఉంది. నాన్నగారి గొంతు వాయిస్తే, వంటింట్లోంచి అమ్మ "కలుపుతున్నానండీ" అంది. కాయిల్ కూడా పెట్టేస్తాను. రెసిస్టర్ ఎన్ని వాట్లది తేవాలి?

గాజువాక గురుడు:
10 వాట్లది చాలు. కాయిల్ గాలి కోర్‌దే (లోపల ఇనుము లేనిదే) తీసుకో, రాగితీగ లావుగా ఉండాల.