ఐదేళ్లకు ఫ్లాట్, పన్నెండేళ్లకు ప్లాటు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

చేతిలో 60 లక్షలు, లోన్ లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల రెండు ఎంపికలు: శంకర్‌పల్లి వైపు హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్‌లో 200 గజాల ప్లాటు (గజం 30,000), లేదా అదే ధరకు బాచుపల్లిలో ఓసీ (నివాసయోగ్యతా పత్రం) ఉన్న రెడీ ఫ్లాట్ (యూడీఎస్, అంటే స్థలంలో విడదీయని వాటా 40 గజాలు; అద్దె నెలకు 18,000).

ఎక్సెల్‌లో వేసి చూశాను. రిజిస్ట్రేషన్ 7.5 శాతం, కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ బ్రోకరేజీ ఒక్కో శాతం. అంటే కొని, అమ్మే ఖర్చే 9.5 శాతం. మూడేళ్లలో అమ్మితే ఏటా 3 శాతానికి పైగా అదే తినేస్తుంది, పన్నెండేళ్లయితే 0.8 శాతమే. 24 నెలలు దాటాక అమ్మితే రెండింటికీ లాభంపై 12.5 శాతం పన్ను, కాబట్టి తేడా అక్కడ లేదు.

ప్లాటు ఏటా 7, ఫ్లాట్ 5 శాతం పెరుగుతాయనుకున్నాను (ఇది నా ఊహే). ఒక నెల ఖాళీ, మెయింటెనెన్స్, ఇంటి పన్ను పోగా ఏటా 1.56 లక్షల అద్దె మిగులుతుంది. పన్నుకు, పై ఖర్చులకు ముందు, అద్దె పెంచకుండా ఐదేళ్లకు ఫ్లాట్ (వచ్చిన అద్దెతో కలిపి) 84.4, ప్లాటు 84.2 లక్షలు. దాదాపు సమానం! పన్నెండేళ్లకు ప్లాటు 135, ఫ్లాట్ 126.5. అద్దె ఏటా 5 శాతం పెంచినా ప్లాటుదే పైచేయి, కానీ తేడా 2.5 లక్షలే.

చిక్కల్లా ఫ్లాట్ ధర ఏటా 5 శాతం పెరుగుతుందన్న ఊహతోనే. బిల్డింగ్ పాతబడితే అది నిలుస్తుందా? ప్రకటనల్లోని ధరలు చూశాను, అవి అడిగే రేట్లు, అమ్ముడుపోయినవి కావు. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువల పట్టికలోనూ అసలు బేరం కనిపించదు.

బాచుపల్లి, మియాపూర్, నిజాంపేట వైపు 10–12 ఏళ్ల ఫ్లాట్ అమ్మినవాళ్లు చెప్పండి: పక్కనే అదే సైజు కొత్త ఫ్లాట్ కంటే చదరపు అడుగుకు ఎంత శాతం తక్కువకు బేరం కుదిరింది?