తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇప్పుడు ఏం చేయాలి?

మాది హైదరాబాదు. పోయిన మంగళవారం రాత్రి మా తమ్ముడు టిఫిన్ బండి దగ్గర దోసె తింటుంటే మఫ్తీలో వచ్చిన ఇద్దరు పోలీసులు స్కూటర్ దొంగతనం కేసంటూ తీసుకువెళ్లారు. ఇంటికి కబురు లేదు. బండి ఆయన చెబితేనే తెలిసింది. స్టేషన్‌కు పరుగెత్తితే "ఇక్కడ ఎవరూ లేరు" అన్నారు. వాడి చెప్పులు మాత్రం మెట్ల పక్కనే ఉన్నాయి, ఎడమదానికి నేను కుట్టించిన తెల్లదారంతో సహా. గురువారం సాయంత్రం వదిలేశారు. కాగితం ఏదీ ఇవ్వలేదు, తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టించుకున్నారు. ఫోను ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అరెస్టు మెమో రాయాలని, బంధువులకు తెలపాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. స్టేషన్లలోని సీసీ కెమెరాల రికార్డును కనీసం ఏడాది ఉంచాలని 2020లో ఆదేశించింది. ఇవన్నీ చెప్పబోతే "నువ్వేమైనా లాయరువా?" అని నవ్వారు.

ఆ రెండు రాత్రుల ఫుటేజీ కోసం సమాచార హక్కు దరఖాస్తు సరిపోతుందా, కోర్టు ద్వారానే అడగాలా? ముందు కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాలా, నేరుగా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలా? ఆ సంతకం గురించి ఇప్పుడే రాతపూర్వకంగా తెలపడం మంచిదా? మళ్లీ పట్టుకుపోతారేమోనని తమ్ముడు వద్దంటున్నాడు. ఇలాంటిది ఎదుర్కొన్నవారు, వకీళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.