ముగ్గురు పిల్లలు, ముగ్గురిదీ ఒకటే తప్పు. వేలిముద్రల రిపోర్ట్ చూసి పాఠం చెప్పాలా?

సింగ్‌నగర్_ట్యూషన్:
అందరికీ నమస్తే. విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి మేడ మీద రూములో ట్యూషన్ చెప్తాను, ఆరు నుంచి ఎనిమిదో క్లాసు దాకా 16 మంది, కొందరు గవర్నమెంట్ స్కూలు కొందరు ప్రైవేటు. పోయిన వారం ఏడో క్లాసు పాప వాళ్ళమ్మ ఒక ఫైలు తెచ్చిచ్చింది, వేలిముద్రలు తీసుకుని పిల్లల మెదడు ఎలాంటిదో చెప్పే టెస్ట్ అంట, నాలుగు వేలు కట్టిందంట. ఈ పాప వింటే నేర్చుకోదు, చేత్తో చేస్తేనే నేర్చుకుంటుంది అని రాసుంది అందులో. నోటితో పాఠం చెప్పొద్దు మేడం అంటోంది. ఆవిడ బ్లౌజులు కుట్టి దాచిన డబ్బు అది, నాకు మనసు చివుక్కుమంది.

సమస్య మాత్రం నిజంగానే ఉంది. 1/3 + 1/4 ఎంత అంటే ఈ పాప 2/7 అని రాసింది, ఇంకో ఇద్దరు మగపిల్లలు కూడా అదే 2/7. బోర్డు మీద రెండుసార్లు చెప్పా, మిగతావాళ్ళకి వచ్చేసింది, వీళ్ళకి రాలేదు. డీఎస్సీకి వైయక్తిక భేదాల చాప్టర్, అంటే పిల్లకీ పిల్లకీ ఉండే తేడాల గురించి, అంతా బట్టీ పట్టాను గానీ ఇక్కడ ఎలా వాడాలో తెలీట్లేదు. చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అని విడగొట్టి ఎవరైనా చెప్పి చూశారా?

గుంటూరు_లెక్కల_మాస్టారు:
మేడం, ముందు ఆ ఫైలు పక్కన పెట్టేయండి. వేలిముద్రల్లో పిల్లల చదువు కనపడుతుంది అనడానికి శాస్త్రీయంగా ఆధారం లేదు. ఇక చూసి, విని, చేసి అనే విభజన గురించి చెప్పాలంటే, 2008లో పాష్లర్ అనే సైకాలజిస్టు ఇంకో ముగ్గురితో కలిసి దాని మీద అప్పటిదాకా జరిగిన రీసెర్చ్‌ని జల్లెడ పట్టాడు. పిల్లలకి ఇష్టాలు ఉంటాయి, ఒకడికి బొమ్మలిష్టం ఒకడికి మాటలిష్టం, కానీ ఆ ఇష్టానికి తగ్గట్టు పాఠం మారిస్తే ఎక్కువ వస్తుంది అనడానికి సరైన రుజువు దొరకలేదని తేల్చారు. మనం ఆలోచించినా తెలుస్తుంది కదండీ, కృష్ణా నది దారి ఎవరికైనా మ్యాపులో చూపించాల్సిందే, పద్యం ఎవరికైనా చదివి వినిపించాల్సిందే.

అసలు తేడా ఆ పిల్లకి ఇప్పటికే ఏం వచ్చు అన్న దగ్గరుంటుంది. 1968లో ఆసుబెల్ అనే సైకాలజిస్టు కూడా అదే చెప్పాడు, నేర్చుకోవడంలో అన్నిటికంటే ముఖ్యమైంది పిల్లవాడికి ముందే తెలిసింది ఏంటో అదే అని. మా స్కూల్లో ఒకబ్బాయి 52 లోంచి 27 తీసేస్తే 35 అనేవాడు. అజాగ్రత్త అని ఏడాదంతా తిట్టాను. ఒకరోజు ఎలా చేశావురా అని అడిగితే "ఏడులోంచి రెండు పోతే ఐదు కదా సార్" అన్నాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి అని వాడికి రెండో క్లాసులో ఎవరో చెప్పిన మాట, దాన్నే పట్టుకున్నాడు. ఆ ఏడాది తిట్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మీ ముగ్గుర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఎలా చేశావో చెప్పమ్మా అని అడగండి, మధ్యలో దిద్దకండి.

బ్రాడీపేట_అమ్మ:
మాస్టారు చెప్పింది నిజమే కానీ ఒక మాట. మా బాబు నాలుగో క్లాసులో ప, వ, ష ఒకదానికొకటి మార్చేసేవాడు, ఒత్తు వస్తే అక్కడే ఆగిపోయేవాడు, వేలు పెట్టి లైను చదవడానికి చెమటలు పట్టేవి. అదే పాఠం నేను చదివి వినిపిస్తే కథంతా పొల్లు పోకుండా చెప్పేవాడు. స్కూల్లో బద్ధకం అన్నారు, మా అత్తగారు ముద్దు ఎక్కువైంది అన్నారు. చివరికి క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయిస్తే డిస్లెక్సియా అని తెలిసింది, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఇలాంటి లెర్నింగ్ డిసబిలిటీలు కూడా ఉన్నాయండి, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైం అడగొచ్చు. మాటల్లో బాగా వచ్చి కాగితం మీద రాని పిల్లలుంటే మేడం, దయచేసి తల్లిదండ్రులకి చెప్పండి. మాకు రెండేళ్ళు ఆలస్యమైంది.

బెంజిసర్కిల్_లెక్చరర్:
16 మందికి కుదురుతుంది. నాకు ఒక్కో సెక్షన్‌లో 60 మంది, వారానికి ఇంత సిలబస్ అని పైనుంచి వస్తుంది. ఒక్కొక్కడినీ ఎలా చేశావు అని అడిగే టైం ఎక్కడిది? మా దగ్గర మార్కుల్ని బట్టి సెక్షన్లు వేస్తారు, అదీ తేడాని బట్టి చెప్పడమే కదా.

గుంటూరు_లెక్కల_మాస్టారు:
కాదు సార్, రెండూ ఒకటి కాదు. మీ సెక్షన్‌లో పడినవాడు సంవత్సరమంతా అందులోనే ఉంటాడు, చెప్పే పాఠం మాత్రం అందరికీ ఒకటే. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్ళు చేసేది చూడండి, మూడు నాలుగు ఐదు క్లాసుల పిల్లల్ని కలిపేసి అక్షరాలు వచ్చినవాళ్ళు, మాటలు చదివేవాళ్ళు, పేరా చదివేవాళ్ళు అని రోజూ కాసేపు గ్రూపులు చేస్తారు. ఆ గ్రూపుకి కావాల్సిందే చెప్తారు, రాగానే పైగ్రూపుకి పంపేస్తారు. 60 మందిని అడగలేరు, నిజమే. క్లాసు అయ్యే ముందు ఒక్క లెక్క చిన్న కాగితం మీద చేయించి తీసుకోండి, ఇంటికెళ్ళి ఒకేలాంటి తప్పుల్ని కుప్పలుగా పెట్టండి. నాలుగైదు కుప్పలకి మించి రావు, నేను చేసి చూసే చెప్తున్నాను.

సింగ్‌నగర్_ట్యూషన్:
మాస్టారూ, ముగ్గుర్నీ అడిగాను. ఒకటే 2/7 గానీ మూడూ మూడు దారుల్లో వచ్చాయి!

మొదటి అబ్బాయికి భిన్నం అంటే ఒక వస్తువులో ముక్క అనే తెలీదు, పైనొక నంబరు కిందొక నంబరు అంతే, పైవి పైవి కిందవి కిందవి కలిపేశాడు. రెండోవాడికి ముక్క అని తెలుసు, కిందవి సమానం చేయాలనీ తెలుసు, ఎక్కాలు రాక క.సా.గు. దగ్గర ఆగిపోయి ఏదో ఒకటి రాయాలని రాశాడు. పాప సంగతి అసలు వేరు. ఐదో క్లాసు దాకా తెలుగు మీడియం, పైది లవం, కిందది హారం అని టకటకా చెప్తోంది, నేను బోర్డు మీద డినామినేటర్ డినామినేటర్ అంటుంటే అది పైదో కిందదో తెలీక ఊరుకుందంట. అడగొచ్చు కదమ్మా అంటే తల దించుకుంది.

పొడుగు కాగితం ముక్కని 12 సమానమైన గళ్ళు వచ్చేలా మడతలు పెట్టి ఇచ్చాను. హారం అని ఒక్కసారి అన్నానంతే, మూడో వంతుకి నాలుగు గళ్ళు, నాలుగో వంతుకి మూడు గళ్ళు రంగేసి 7/12 అని తనే రాసింది. కాగితం ముగ్గురికీ ఇచ్చాను. మొదటి అబ్బాయి ఇంకా మడతల దగ్గరే ఉన్నాడు, వాడికి ఈ వారమంతా అదే. రెండోవాడికి రోజూ పది నిమిషాలు ఎక్కాలు.

బ్రాడీపేట అమ్మగారూ, మీరు చెప్పిన లక్షణాలు నా దగ్గర ఆరో క్లాసు బాబు ఒకడికి కనపడుతున్నాయి, వాళ్ళ నాన్నతో మాట్లాడతాను, మీకు మెసేజ్ పెడతాను. పాప వాళ్ళమ్మ శనివారం ఫీజు కట్టడానికి వస్తుంది, ఆ రంగులేసిన కాగితం దాచి ఉంచాను చూపించడానికి.