ప్రభుత్వమే మనకి బాకీ ఉంటే లేట్ ఫీజు మనమెందుకు కట్టాలి?

కొబ్బరిచెట్టు:
మా నాన్నగారు రిటైరై ఆరేళ్లయింది. 2024-25లో పెన్షన్ 4,50,000, ఎఫ్‌డీల మీద వడ్డీ 1,45,000. పన్ను పడదు, కోయొద్దు అని బ్యాంకుకి ఇచ్చే 15హెచ్ ఫారం ఇవ్వడం మర్చిపోయాం, బ్యాంకు వాళ్లు వడ్డీలో 10 శాతం లెక్కన 14,500 టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసేశారు. పెన్షన్ మీద ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ అనే మినహాయింపు 75,000 తీసేస్తే మొత్తం ఆదాయం 5,20,000, రిబేట్ (చిన్న ఆదాయాలకి ఇచ్చే పన్ను తగ్గింపు) పోగా కట్టాల్సిన పన్ను సున్నా. అంటే ఆ 14,500 మొత్తం వెనక్కి రావాలి. 2025 సెప్టెంబర్‌లో ఆయనకి కంటి ఆపరేషన్, ఆ హడావుడిలో ఆదాయపు పన్ను రిటర్న్ వేయాల్సిన 16వ తేదీ గడువు దాటిపోయింది. ఇప్పుడు నవంబర్‌లో వేద్దామని కూర్చుంటే ఆడిటర్ గారు "234ఎఫ్ సెక్షన్ కింద లేట్ ఫీజు 5000 పోతుందండీ, 9,500 వస్తుంది" అన్నారు. రూపాయి ఎగ్గొట్టని మనిషికి ఫైనేంటండీ? ఇది న్యాయమేనా, చెప్పండి.

లెక్కలమాస్టారు:
న్యాయమే. పన్ను సున్నా అయినా, 2024-25కి ఆదాయం 3 లక్షల పరిమితి దాటితే రిటర్న్ వేయాల్సిందే. అసలు గడువు జులై 31. దాన్ని మే నెలలోనే సెప్టెంబర్ 15కి జరిపారు, చివరి రాత్రి పోర్టల్ మొరాయిస్తోందని ఇంకో రోజు ఇచ్చారు. ఇంత టైమిచ్చాక కూడా వేయకపోతే ఎవరిని అంటాం? బాకీ లేనోళ్లకి ఫీజు తీసేస్తే సగం మంది లేటుగా వేయడానికి ఆఖరి రోజైన డిసెంబర్ 31 దాకా అటువైపు చూడరు. అయినా బాకీ ఉందో లేదో రిటర్న్ వేస్తేనే కదా తేలేది!

కొబ్బరిచెట్టు:
మాస్టారూ, గడువు వద్దని నేను అనలేదు. 50 లక్షల జీతగాడు లేటైనా 5000, మా నాన్నకీ 5000. అదీ నా బాధ. మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యితో పోయేది, 20 వేలు ఎక్కువున్నందుకు ఐదింతలు.

పాతఫైలు:
ఇందులో ఇంకో మెలిక ఉంది, ఎవరూ చెప్పట్లేదు. మీరు వేసింది కొత్త పన్ను పద్ధతి లెక్క, మినహాయింపులు ఎక్కువుండే పాత పద్ధతిలో లెక్క వేసి చూడండి. పెన్షన్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోతే 4,00,000, వడ్డీ కలిపితే 5,45,000, సీనియర్ సిటిజన్‌కి వడ్డీ మీద 80టీటీబీ కింద ఇంకో 50,000 పోతే 4,95,000. అంటే 5 లక్షల లోపే, ఫీజు వెయ్యే. కానీ గడువు దాటినవాళ్లకి పాత పద్ధతి ఎంచుకునే వీల్లేదు, కొత్తదే దిక్కు. ఆలస్యమే ఆ దారి మూసేసి, ఆ ఆలస్యానికే ఎక్కువ ఫీజు వేస్తోంది.

అసలు నా గొడవ డబ్బు గురించి కాదు, పేరు గురించి. 2017 ఫైనాన్స్ యాక్ట్‌కి ముందు 271ఎఫ్ సెక్షన్ ఉండేది. అదీ 5000 పెనాల్టీయే, కానీ అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం) ముగిసినా రిటర్న్ వేయకపోతేనే, అదీ అధికారి వేయాలనుకుంటేనే. సరైన కారణం చూపిస్తే వదిలేయడానికి చట్టంలోనే చోటుండేది. ఇప్పుడు "ఫీజు" అన్నారు. ఫీజుకి కారణాలు అక్కర్లేదు, కంప్యూటరే కలిపేస్తుంది. కంటి ఆపరేషన్ జరిగిందని దానికి ఎవరు చెప్తారు?

డాలస్‌బావ:
ఇక్కడ అమెరికాలో ఫెడరల్ రిటర్న్ లేటైతే కట్టని పన్ను మీద నెలకి 5 శాతం చొప్పున, 25 శాతం దాకా వేస్తారు. రీఫండ్ రావాల్సినవాడికి పెనాల్టీ ఉండదు, మూడేళ్లలోపు అడిగి తెచ్చుకోవచ్చు. బాకీ ఉన్నవాడికి మాత్రం వాచిపోతుంది.

లెక్కలమాస్టారు:
బావగారూ, అలా శాతాల్లో వేస్తే ఇక్కడ ఇంకా పెద్ద గోల అవుతుంది. బాకీ ఉన్నవాళ్లకి మన దగ్గరా 234ఏ సెక్షన్ కింద నెలకి 1 శాతం వడ్డీ పడుతుంది, నెలలో ఒక్కరోజు దాటినా నెల మొత్తానికీ లెక్కే. కారణం చూసే వెసులుబాటు పోయిందన్న పాతఫైలు గారి మాట మాత్రం ఒప్పుకుంటా. కానీ కారణాలు వినడం మొదలుపెడితే ప్రతివాడికీ సెప్టెంబర్‌లో ఓ ఆపరేషన్ ఉంటుంది. (మీ నాన్నగారి గురించి కాదు, ఏమనుకోకండి.)

మిర్చిబజ్జీ:
2025 కొత్త ఆదాయపు పన్ను బిల్లులో ముందు, గడువు దాటితే రీఫండే ఇవ్వమన్నట్టు రాశారు. బిల్లుని పరిశీలించిన పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వద్దన్నాక తీసేశారు. 5000తో పోయిందని సంతోషించు అన్నా 😀

పాతఫైలు:
నవ్వు సరే గానీ, డిసెంబర్ 31 దాటనివ్వకండి. ఆ తర్వాత కూడా వేసుకునే అప్‌డేటెడ్ రిటర్న్ అనేది ఉంటుంది గానీ, అందులో రీఫండ్ అడగడానికి కుదరదు. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆధార్ ఓటీపీ లాంటివాటితో ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయాలి, లేదంటే వెరిఫై చేసిన రోజే వేసినట్టు లెక్కేస్తారు.

కొబ్బరిచెట్టు:
ఇవాళ వేసేశాం. ఆధార్ ఓటీపీ నాన్న పాత బటన్ ఫోన్‌కి వచ్చింది, అంకెలు కనబడక ఆయన రెండుసార్లు తప్పు చదివారు. మూడోసారి ఫోన్ లాక్కుని నేనే కొట్టాను. 9,500 రీఫండ్ చూపిస్తోంది. మాస్టారూ, మీ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. టీడీఎస్ కోయొద్దనే ఫారం మాత్రం ఏప్రిల్ మొదటి వారంలోనే ఇస్తా.