అప్‌డేట్: నాన్నగారికి సరిపోయే మంచం, కుర్చీ వచ్చాయి

రెండు నెలల క్రితం అడిగాను: పక్షవాతంతో వైజాగ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్న మా నాన్నగారు 138 కిలోలు, అక్కడి మంచం, వీల్‌చైర్ చాలడం లేదు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ దండాలు.

వీల్‌చైర్ ఎంత బరువు మోస్తుందో ముందు చూడమన్నారొకరు. చూస్తే 100 కిలోలే! ఇన్నాళ్లూ అందులోనే కూర్చోబెట్టాం. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర మెడికల్ షాపులన్నీ తిరిగి, 180 కిలోలు మోసే, 24 అంగుళాల సీటున్న కుర్చీ ఆర్డర్ పెట్టించాను. మంచం కూడా 36 అంగుళాలది తీయించి 48 అంగుళాలది వేయించాం. వెడల్పు సుఖం కోసమే అనుకునేదాన్ని. కాదు, మనిషిని పక్కకి తిప్పడానికి చోటుండాలి. గంటల తరబడి ఒకే వైపు పడుకుంటే పుండ్లు పడతాయి. ఇదివరకు ఇద్దరు ఆయాలు దుప్పటి పట్టి లాగేవారు, పాపం వాళ్ల నడుములూ పోయేవి. ఆ ఒరుపుకే నాన్నగారి వీపు కింద చర్మం లేచిపోయింది. ఇప్పుడు జారే షీటు వేసి నలుగురు కలిసి తిప్పుతున్నారు. పుండు మానుతోంది.

బాత్రూం తలుపు 28 అంగుళాలే, కొత్త కుర్చీ పట్టదు. వెడల్పు చేయించమని మేనేజర్‌గారిని అడుగుతూనే ఉన్నాను, వదలను.

మొన్న ఆదివారం నాన్నగారిని వరండాలోకి తీసుకెళ్తే, కుర్చీకీ తొడకీ మధ్య చెయ్యి దూర్చి చూసుకుని, "ఒత్తుకోవట్లేదే అమ్మా" అన్నారు.