ఐదేళ్ల పాపకి దయ్యాల సినిమా: ఇప్పుడే పెట్టొచ్చా, ఏడు దాకా ఆగాలా?

పసలపూడి_బస్సు
పాపకి ఐదు నిండాయి. ‘దయ్యం సినిమా పెట్టు నాన్నా’ అని ఒకటే గోల. ‘కొరలైన్’ (2009) పెడదామనుకుంటున్నా. బొమ్మల సినిమాయే కదా, ఫర్వాలేదంటారా?

రీలు_డబ్బా
బొమ్మల సినిమా అని మోసపోకండి. అందులో అమ్మలాగే ఉండే ఇంకో అమ్మ ఉంటుంది, కళ్లున్న చోట గుండీలు. వండి పెడుతుంది, ముద్దు చేస్తుంది. పోనుపోను పొడుగ్గా, బక్కగా సాగి సాలీడు ఆకారంలోకి వస్తుంది, వేళ్లన్నీ సూదులు. అసలు అమ్మానాన్నలేమో ఊపితే మంచు రాలే గాజు గోళంలో ఇరుక్కుపోతారు. ఎనిమిదో తొమ్మిదో వచ్చాక చూపించండి.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోఆన్ కాంటర్ ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. బడికి వెళ్లని వయసు పిల్లలు ఆకారం చూసి జడుస్తారు, పెద్ద పిల్లలు నిజంగా జరగగలిగేదానికి జడుస్తారు. మామూలు మనిషి కళ్ల ముందే రూపం మారిపోవడం చిన్నవాళ్లకి మరీ భయం. కాబట్టి దయ్యం ఉందా లేదా అని చూడకండి, ఎవరు ఎవరిలా మారుతున్నారో చూడండి.

నా వరస: ముందు ‘మై నైబర్ టొటొరో’ (1988), గంటన్నర లోపే, మసి ఉండల్లాంటివి గోడల్లోకి పరిగెడతాయి, అంతే. తర్వాత ‘మాయాబజార్’ (1957), మూడు గంటలు కాబట్టి ముక్కలుగా. ఆపైన ‘కోకో’ (2017).

గుండుసూది
మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ అయిపోతాడుగా! మీ రూపం మారే సూత్రం ఏమైంది?

రీలు_డబ్బా
అక్కడ మారేది మనవైపు వాడు, పైగా మారాక నవ్విస్తాడు. సావిత్రి మగాడి నడక నడిచేసరికి పిల్లలు పగలబడతారు. జడుపంతా అంతకుముందు, అడవిలో అభిమన్యుడితో గొడవ దగ్గర. లడ్డూలు నోట్లోకి ఎగిరే ముక్క ముందే చూపించేస్తే ‘మన లడ్డూల మామయ్యే’ అని గుర్తుపడతారు.

నిద్ర_కరువు
అసలు ఇంత తొందరెందుకండీ? 2023లో చట్టం మార్చి సినిమాల యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని విడగొట్టింది ఊరికేనా? ఏడు దాకా ఆగితే ఎవరి సొమ్ము పోయింది?

రీలు_డబ్బా
అది పెద్దవాళ్లకి హెచ్చరిక, నిషేధం కాదు. ఏడో పుట్టినరోజు నాడు భయం ఎగిరిపోదు కదా.

సౌండు_తగ్గించు
ఇంత చర్చ దేనికి? భయం సీను రాగానే మ్యూట్ నొక్కేయండి.

రీలు_డబ్బా
మ్యూట్ వద్దు. సంగీతం మారగానే పిల్లలకి తెలిసిపోతుంది, కళ్లు మూసుకోవడానికి టైము దొరుకుతుంది. అది తీసేస్తే ఆ మొహం చెప్పా పెట్టకుండా ఎదురొస్తుంది. సౌండ్‌బార్ ఉంటే నైట్ మోడ్ పెట్టండి. మాటలు వినిపిస్తాయి, హఠాత్తు మోతలు అణుగుతాయి.

సౌండు_తగ్గించు
సౌండు లేని దయ్యానికి ఎవరు భయపడతారండీ?

రీలు_డబ్బా
ఐదేళ్లవాళ్లు. పైన చెప్పిందదే, వాళ్లకి ఆకారమే భయం.

సౌండు_తగ్గించు
మ్యూట్ చేస్తే పిల్ల చెడిపోయినట్టు మాట్లాడుతున్నారు.

కందిపొడి
అన్నం తినకపోతే బూచోడొస్తాడని రోజూ బెదిరించే ఇళ్లలో సినిమాకి ఇంత మీమాంసా!

రీలు_డబ్బా
నిజమే, బూచోడికి రిమోట్ కూడా ఉండదు. మిగతా జాగ్రత్తలు: పగలే చూడండి, లైట్లు ఉంచండి, ఆపమనే హక్కు పాపకివ్వండి. చివరి ఇరవై నిమిషాలు మీరు ముందే చూడండి, గట్టి సీన్లు చాలావరకు అక్కడే ఉంటాయి. పిల్లల ప్రొఫైల్‌లోనే పెట్టండి, ఆటోప్లే ఆపండి. లేకపోతే సినిమా అవగానే పెద్దవాళ్ల హారర్ పోస్టర్లు వరసకడతాయి, పిల్లలు జడుసుకునేది సగంసార్లు వాటికే. భయపడితే ‘అది నిజం కాదమ్మా’ అని పాఠం చెప్పకండి, ఆ వయసుకి ఎక్కదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతికి బొమ్మో మంచినీళ్లో ఇవ్వండి.

నిద్ర_కరువు
పోస్టర్లు, ప్రొఫైళ్లు, సౌండ్‌బార్లు! ఇన్ని చెప్పారు, రాత్రి రెండింటికి పక్క తడిస్తే దుప్పటి మార్చేదెవరో ఒక్కరన్నా రాశారా? సరదాగా సినిమా పెట్టేది ఒకరు, వారం రోజులు బాత్రూం దాకా తోడెళ్లేది ఇంకొకరు. ఏడు దాకా ఆగమన్నది సర్టిఫికెట్ చూసి కాదు. ఏడొచ్చాక అదే లేచి లైటేసుకుంటుంది.

రీలు_డబ్బా
అది సినిమా సమస్య కాదండీ, మీ ఇంటి పనుల పంపకం.

నిద్ర_కరువు
మీ లిస్టులో లేనిది అదేగా! వయసు తర్వాత, ముందు రాత్రి డ్యూటీ ఎవరిదో తేల్చండి.

కందిపొడి
👏👏

పసలపూడి_బస్సు
దెబ్బ నాకే తగిలినట్టుంది. సరే, కొరలైన్ పక్కన పెట్టేశా. ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక టొటొరో. ఆ వారమంతా పాప పక్కన నేనే పడుకుంటా. కోకో సంగతేంటి, నిండా అస్థిపంజరాలేగా?

గుండుసూది
అస్థిపంజరాలకి నవ్వుతారు లెండి. కుర్రాడి వేళ్లు ఒక్కొక్కటే ఎముకలయ్యే చోట పక్కనే ఉండండి. అసలు చిక్కు ఇంకోటుంది. గుర్తుపెట్టుకునేవాళ్లు లేక ఒకాయన మసకబారి మాయమైపోతాడు. ‘మన తాతయ్య కూడా అంతేనా’ అని అడుగుతుంది, జవాబు సిద్ధం చేసుకోండి.

నిద్ర_కరువు
టొటొరోలో వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. అదీ ముందే చెప్పి కూర్చోబెట్టండి.

రీలు_డబ్బా
ఒప్పుకుంటా. కానీ మ్యూట్ మాత్రం చేయకండి.