మూడెకరాల వేరుశనగ: కాయలుగా అమ్మాలా, గానుగ పట్టించాలా?

ప్రశ్న (కదిరి ప్రాంత రైతు):
మాకు వర్షాధారపు ఎర్రనేల మూడెకరాలు ఉంది. 2025 ఖరీఫ్‌లో కదిరి-6 రకం వేరుశనగ వేశాము. ఊడలు (చివర కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళ వాన ముఖం చాటేయడంతో ఎకరాకు నాలుగు క్వింటాళ్ల చొప్పున పన్నెండు క్వింటాళ్ల కాయలే చేతికొచ్చాయి. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు కాగా, కళ్లం దగ్గరికి వచ్చిన వ్యాపారి 5,400కు మించి ఇవ్వనంటున్నారు. నూనె పట్టించి అమ్మితే మేలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (గానుగ నిర్వాహకుడు):
నూరు కిలోల మంచి కాయలు ఒలిస్తే 70 కిలోల గింజలు, వాటిని ఆడిస్తే సుమారు 29 కిలోల నూనె, 40 కిలోల చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) వస్తాయి. చెక్కకు కిలో 40 రూపాయలు, ఒలుపు, ఆడింపు ఖర్చులకు 900 అనుకుందాం. కాయలకు మద్దతు ధర కడితే లీటరు నూనె మీకే దాదాపు 206 రూపాయలు పడుతుంది. వ్యాపారి ధర కడితే 148 పడుతుంది. లీటరుకు కనిపించే ఆ 58 రూపాయల తేడా గానుగ సంపాదించి పెట్టినది కాదు, కాయల మీద మీరు అప్పటికే పోగొట్టుకున్న సొమ్ము. పైగా సీసాలు, రవాణా, నెలల తరబడి నిలిచిపోయే పెట్టుబడి ఈ లెక్కలో లేవు. నూనె పట్టించడమే నా జీవనాధారమైనా, వాడుక కొనుగోలుదారులు లేకుండా పంటంతా ఆడించమని నేను చెప్పలేను.

జవాబు (విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి):
అమ్మకం కన్నా ముందు విత్తనం సంగతి చూడండి. ఎకరాకు 60 కిలోల గింజలు కావాలంటే 86 కిలోల కాయలు తీసిపెట్టాలి, అంటే నాలుగు క్వింటాళ్ల దిగుబడిలో ఐదో వంతుకు పైగా విత్తనానికే పోతుంది. జూన్‌లో అప్పు చేసి విత్తనం కొనే రైతు నష్టం అక్కడే మొదలవుతుందని నా ఉద్యోగకాలమంతా చూశాను. గింజలుగా కాకుండా కాయలుగానే నిల్వ చేయండి. అమ్మే కాయలను తేమ ఎనిమిది శాతానికి దిగేవరకు ఎండబెట్టండి. తేమ మిగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం చేరుతుంది. బేరానికి ముందు ఒక కిలో ఒలిచి గింజ శాతం తూచుకోండి.

ప్రశ్న అడిగిన రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం కిలో కాయలు ఒలిస్తే 640 గ్రాముల గింజలే వచ్చాయి, వ్యాపారి ధర తగ్గించడానికి కొంత కారణం ఇదేనని అర్థమైంది. ఈ గింజ శాతంతో మూడెకరాల విత్తనానికి 2.8 క్వింటాళ్లు కావాలి కాబట్టి నిండు కాయలను ఏరి మూడు క్వింటాళ్లు పక్కన పెడుతున్నాము. ఇంటికీ బంధువులకూ ఒక క్వింటాలు ఆడిస్తాము. మిగిలిన ఎనిమిదింటిని తూర్పారబట్టి, తాలు తీసి, ఎండబెట్టాక కొనుగోలు కేంద్రంలో చూపిస్తాము.